గోడ కూలలేదు, పక్కకు జరిగిందంతే

“విండోస్‌లోకే లినక్స్ వచ్చేసింది, ఇంక విడిగా లినక్స్ ఎందుకండీ? ఏ సిస్టమ్ అయితేనేం, కమాండ్లు ఒకటేగా!”

ఈ మాట అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల డెమో క్లాసుల్లో వినిపిస్తుంది. ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు వినిపిస్తుంది. యూట్యూబ్ పాఠాల్లో మొదటి రెండు నిమిషాల్లోనే వినిపిస్తుంది. ఎవరూ తిరిగి అడగని నిజంలా చలామణి అయిపోతోంది. చెప్పేవాళ్లు మోసం చెయ్యాలని చెప్పరు. నల్ల తెర తెరిచి ‘ఎల్‌ఎస్’ కొడితే ఫైళ్ల పేర్లు వరసగా వస్తాయి, ‘గ్రెప్’ కొడితే కావలసిన లైను దొరుకుతుంది, రెండు కమాండ్లను పైపుతో కలిపి చూపిస్తే చూసేవాళ్లు ఔరా అంటారు. డెమో అక్కడితో ముగుస్తుంది. చిక్కులన్నీ మొదలయ్యేది ఆ తర్వాతే.

ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లను ఇంకో దానిలో నడపడం సాధ్యమే, ఉపయోగమే, నేను రోజూ చేసే పనే. దాని మీద నాకేమీ పేచీ లేదు. పేచీ అల్లా, దానివల్ల రెంటి మధ్య గోడ పడిపోయిందనే ప్రచారంతోనే. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనికి పూనుకున్న ప్రతివాళ్లూ ఆ గోడను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపారు తప్ప ఎవరూ కూల్చలేదు. ఇప్పుడది ఎక్కడుందో తెలిసినవాడికి ఈ సదుపాయం వరం. తెలియనివాడికి, పైగా అసలు గోడే లేదని నమ్మించబడినవాడికి, ఇది అర్థంకాని తిప్పల మూట.

ముందు “కమాండ్లు ఒకటేగా” అన్న మాట పట్టుకుందాం. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి ఇచ్చిన ప్రైవేట్ కీ ఫైలు విండోస్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంటుంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి విండోస్‌లోనే నడిచే ఉబుంటు లినక్స్ విండో తెరిచి, సి డ్రైవ్‌లోకి నడిచి, అక్కడి నుంచే ఎస్‌ఎస్‌హెచ్ కొడుతుంది. ఈ కీ ఫైలు అందరికీ బాహాటంగా ఉంది, దీన్ని వాడనంటే వాడనని ఎస్‌ఎస్‌హెచ్ మొరాయిస్తుంది. క్లాసులో నేర్పినట్టే అనుమతులు బిగించే సీహెచ్‌మోడ్ 600 కొడుతుంది. ఏ తప్పూ చూపించకుండా కర్సర్ బుద్ధిగా కింది లైనుకు వస్తుంది. మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్, మళ్లీ అదే మొరాయింపు. ఎల్‌ఎస్ పెట్టి చూస్తే అనుమతులు 777 దగ్గరే చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటాయి. కమాండ్ తప్పు కాదు, కొట్టిన పద్ధతి తప్పు కాదు. ఆ ఫైలు ఉన్నది విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద. యజమాని, గ్రూపు, ఇతరులు అనే యూనిక్స్ లెక్క అక్కడ నడవదు. విండోస్ అనుమతుల పద్ధతి పూర్తిగా వేరు. డ్రైవ్‌ను మౌంట్ చేసేటప్పుడు మెటాడేటా ఆప్షన్ పెడితే తప్ప ఆ 600 అనే అంకెను రాసిపెట్టుకునే చోటే ఉండదు. అదే ఫైలును లినక్స్ హోమ్ ఫోల్డర్లోకి కాపీ చేసి, అదే కమాండ్ కొడితే, పని క్షణంలో అయిపోతుంది.

చూశారుగా. కమాండ్ అదే, తెర అదే, ఫలితం మాత్రం ఫైలు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి మారిపోయింది. కమాండ్ అనేది పైకి కనిపించే చిన్న ప్రోగ్రాం. అది చేసేదల్లా కింద ఉన్న కెర్నల్‌ను అడగడం: ఈ ఫైలు తెరువు, ఈ ప్రాసెస్ పుట్టించు, వీడికి అనుమతి ఉందో లేదో చూడు. యూనిక్స్ కమాండ్లు యూనిక్స్ కెర్నల్ మాటకు అలవాటు పడి పుట్టినవి. కింద కెర్నల్ మారితే ఎవరో ఒకరు మధ్యలో కూర్చుని సర్దాలి. ఆ సర్దుబాటు చరిత్ర తెలిస్తే “ఒకటేగా” అనడానికి ఎవరికైనా నోరు రాదు.

1993 జులైలో విండోస్ ఎన్‌టీ 3.1 వచ్చింది. దాన్ని కట్టిన డేవ్ కట్లర్ బృందం ఆలోచన ఘనమైనది. కింద ఒకే కెర్నల్, దాని మీద వేరువేరు సబ్‌సిస్టమ్‌లు: విండోస్ ప్రోగ్రాములకు ఒకటి, ఓఎస్/2కి ఒకటి, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌కు ఒకటి. ఆ పోసిక్స్ ముక్క ఎందుకు పెట్టారంటే, అమెరికా ప్రభుత్వ కొనుగోళ్లలో పోసిక్స్ ఉండాలనే షరతు ఉండేది. షరతుకు సరిపడా మాత్రమే పెట్టారు. నెట్‌వర్క్ లేదు, కిటికీలు గీసే వీలు లేదు. టెండర్ కాగితం మీద టిక్కు పడింది. దాని మీద కూర్చుని పని చేసుకోవడం మాత్రం కుదిరేది కాదు. తర్వాత సాఫ్ట్‌వే అనే కంపెనీ ఇంటెరిక్స్ పేరుతో దాన్ని నిజంగా పనికొచ్చేలా చేసింది. 1999లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది, సర్వీసెస్ ఫర్ యూనిక్స్ పేరుతో ఇచ్చింది, 2004లో 3.5 వెర్షన్‌ను ఉచితం కూడా చేసింది. విండోస్ 8 నాటికి దానికి కాలం చెల్లిందని ప్రకటించి, 8.1లో తీసేసింది. విండోస్ యజమానే ఇంతకాలం పెంచి చివరికి వదిలించుకున్న వ్యవహారం ఇది.

అప్పట్లో జరిగిన ఒక ముచ్చట డేవిడ్ కార్న్ స్వయంగా చెప్పాడు. యూనిక్స్ వాళ్లకు సుపరిచితమైన కార్న్ షెల్ రాసింది ఆయనే. ఎన్‌టీ మీద జరిగిన ఒక సదస్సులో మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ఒకరు తాము ఇవ్వబోయే యూనిక్స్ పరికరాల్లో వేరే కంపెనీ రాసిన కార్న్ షెల్ ఉంటుందని ప్రకటించాడు. అది అసలు దానిలా ప్రవర్తించదని సభలోంచి కార్న్ లేచి చెప్పాడు. అచ్చం అలాగే ఉంటుందని వేదిక మీది మనిషి వాదనకు దిగాడు, ఎవరితో వాదిస్తున్నాడో తెలియక. పక్కనున్నవాళ్లు చెప్పాక ఆయన ముఖం ఎలా మారి ఉంటుందో మీరే ఊహించుకోండి. “ఒకటేగా” అనేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ వేదిక గుర్తొస్తుంది.

మైక్రోసాఫ్ట్ బయట జరిగిన ప్రయత్నాల్లో పెద్దది సిగ్విన్. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్‌లో స్టీవ్ చాంబర్లేన్ మొదలుపెట్టాడు. ఆలోచన ఇది: లినక్స్, యూనిక్స్ ప్రోగ్రాముల సోర్సు తీసుకుని విండోస్ కోసం మళ్లీ కంపైల్ చెయ్యాలి, యూనిక్స్ కెర్నల్ చెయ్యాల్సిన పనులన్నీ ఒక డీఎల్‌ఎల్ నటించి చూపించాలి. నటన అని ఎందుకన్నానంటే ఫోర్క్ సంగతి చూడండి.

యూనిక్స్ లోకంలో కొత్త ప్రాసెస్ పుట్టేది ఫోర్క్‌తో. నడుస్తున్న ప్రోగ్రాం తన నకలు తానే తీస్తుంది. ఆ నకలు తర్వాత వేరే ప్రోగ్రాంగా మారుతుంది. లినక్స్‌లో ఇది చవకబేరం. మెమరీ మొత్తాన్ని కాపీ చెయ్యదు, ఇద్దరికీ అవే పేజీలు చూపిస్తుంది, ఎవరైనా రాయబోతే అప్పుడు ఆ ఒక్క పేజీని విడదీస్తుంది. విండోస్ తన మామూలు ప్రోగ్రాములకు ఈ సదుపాయం ఇవ్వదు. అక్కడున్నది క్రియేట్‌ప్రాసెస్, అది ప్రతిసారీ ప్రోగ్రాంను మొదటి నుంచి లేపుతుంది. అందుకని సిగ్విన్ ముందు ఒక ఖాళీ పిల్ల ప్రాసెస్‌ను ఆపి ఉంచిన స్థితిలో పుట్టిస్తుంది, తర్వాత తల్లి మెమరీలోని డేటా, స్టాక్, హీప్ అన్నీ మోసుకెళ్లి పిల్లలో పోస్తుంది, ఆ తర్వాత తల్లి ఆగిన చోటి నుంచే పిల్ల లేచినట్టు చేస్తుంది. ఇది కుదరాలంటే తల్లిలో ప్రతి డీఎల్‌ఎల్ ఏ అడ్రసులో కూర్చుందో పిల్లలోనూ సరిగ్గా అక్కడే కూర్చోవాలి. ఏదో యాంటీవైరస్ తన డీఎల్‌ఎల్‌ను మధ్యలో దూర్చిందా, ఫోర్క్ ఫెయిల్. అలా గొడవపెట్టే ప్రోగ్రాముల పెద్ద జాబితా ఒకదాన్ని సిగ్విన్ వాళ్లు తమ ప్రశ్నోత్తరాల్లో వేళాకోళపు పేరుతో పెట్టుకుని నడుపుతున్నారు. అదంతా కుదిరినా వేగం మాత్రం రాదు. ఏ సోర్సు ప్యాకేజీ అయినా కంపైల్ చేసేముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్ చిన్న చిన్న ప్రాసెస్‌లను వందలూ వేలూ పుట్టిస్తుంది. లినక్స్‌లో కళ్లముందే అయిపోయే ఆ పని సిగ్విన్‌లో మొదలుపెట్టి టీ తాగి రావచ్చు.

సిగ్విన్ వాళ్ల పనితనాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఇంత పరాయి కెర్నల్ మీద అంత నమ్మకంగా నటించగలగడం మామూలు విద్య కాదు. కానీ ఆ విద్యకు అయ్యే ఖర్చు ప్రతి ఫోర్క్‌లోనూ కట్టాలి. గోడ అక్కడుంది.

ఇక అందరూ తమ వాదనకు రుజువుగా చూపించే డబ్ల్యుఎస్‌ఎల్‌కు, అంటే విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్‌కు, వద్దాం. నా దృష్టిలో అవతలి పక్షాన్ని ఓడించడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

2001లో లినక్స్‌ను కేన్సర్‌తో పోల్చిన మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బాల్మర్ తర్వాత, 2014లో ఆ కుర్చీలోకి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల వచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ఇష్టమని స్లైడు వేసి మరీ చెప్పాడు. 2016 మార్చి 30న బిల్డ్ సదస్సులో విండోస్ మీద లినక్స్ షెల్ బ్యాష్ నడిపి చూపించారు. ఉబుంటు తయారుచేసే కెనోనికల్ కూడా చెయ్యి వేసింది. ఆగస్టులో అది, అంటే డబ్ల్యుఎస్‌ఎల్ మొదటి రూపం, బీటాగా అందరికీ అందింది. సిగ్విన్‌లా మళ్లీ కంపైల్ చెయ్యనక్కర్లేదు, లినక్స్ ప్రోగ్రాం ఉన్నది ఉన్నట్టుగా నడుస్తుంది. ప్రోగ్రాం లినక్స్ కెర్నల్‌ను పిలిచినట్టే పిలుస్తుంది. ఆ పిలుపును ఎన్‌టీ కెర్నల్లోనే కూర్చున్న ఒక డ్రైవర్ అందుకుని ఎన్‌టీ మాటలోకి మార్చి జవాబిస్తుంది. మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో డ్రాబ్రిడ్జ్ అనే ప్రాజెక్టు కోసం తయారైన పికో ప్రాసెస్ అనే యంత్రాంగం దీనికి పునాది. ఆండ్రాయిడ్ యాప్‌లను విండోస్ ఫోన్లో నడపాలనుకుని మానేసిన అస్టోరియా కోసం పడ్డ శ్రమ కూడా ఇందులోకి వచ్చి చేరింది. ఇంజినీరింగ్ అంటే ఇష్టమున్న ఎవరికైనా దీన్ని చూస్తే టోపీ తియ్యాలనిపిస్తుంది.

ఈ పనికి దిగినవాళ్లు ఎవరో గమనించండి. విండోస్ సోర్సు మొత్తం చేతిలో ఉన్నవాళ్లు. కెర్నల్లో ఏ నట్టు కావాలంటే ఆ నట్టు విప్పగలిగినవాళ్లు. డబ్బుకు కొదవ లేనివాళ్లు. లినక్స్ సోర్సు లోకమంతటికీ తెరిచే ఉంది గనక అక్కడా దాచిందేమీ లేదు. ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఎవరికీ దొరకదు. అయినా ఏమైంది? కంటైనర్లు నడిపే డాకర్ నడవలేదు, దానికి కావలసిన లినక్స్ కెర్నల్ అంగాలు అక్కడ లేవు గనక. ఫైర్‌వాల్ పరికరం ఐపీటేబుల్స్ నడవలేదు. వేలకొద్దీ చిన్న ఫైళ్లతో పనిచేసే గిట్, ఎన్‌పీఎమ్ నత్తనడక నడిచాయి. కారణం చెత్త కోడ్ కాదు. విండోస్‌లో ఒక ఫైలు తెరవడమంటే దారిలో వరసగా నిలబడ్డ ఫిల్టర్ డ్రైవర్లన్నిటికీ, యాంటీవైరస్‌తో సహా, చూపించుకుంటూ వెళ్లడం. విండోస్‌కు కావలసిన రీతిలో అది సరైన ఏర్పాటే. లినక్స్ ప్రోగ్రాములు మాత్రం ఫైలు తెరవడం, మూయడం, ఉందో లేదో అడగడం దాదాపు ఉచితమన్న ధీమాతో రాసినవి. ఆ ధీమాను ఏ అనువాదకుడూ ఎన్‌టీ మాటలోకి మార్చలేడు.

అందుకని 2019 మేలో మైక్రోసాఫ్ట్ ఆ దారి పక్కన పెట్టి డబ్ల్యుఎస్‌ఎల్ 2 ప్రకటించింది. 2020 మేలో అది విండోస్ 10తో పాటు వచ్చింది. ఇందులో అనువాదం లేదు. హైపర్-వి మీద నడిచే ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్, దానిలో అసలు సిసలు లినక్స్ కెర్నల్, ఆ కెర్నల్‌కు సొంతంగా ఎక్స్‌ట్4 డిస్కు. కుదించిన ఫైళ్ల కట్టను విప్పే పనిలో పాతదానికన్నా 20 రెట్ల దాకా వేగమని కంపెనీ వాళ్లే చెప్పుకున్నారు. ఆ ఇరవై రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయంటారు? లినక్స్ పనిని విండోస్ చేత చేయించడం మానేసి, లినక్స్ చేతికే ఇచ్చేయడం వల్ల వచ్చాయి.

అంటే “విండోస్‌లో లినక్స్ కలిసిపోయింది” అనే వాదనకు జెండాగా ఊపుతున్న సరుకే, ఆ కలపడం కుదరలేదు గనక పక్కపక్కన పెట్టాం అని ఒప్పుకున్న సరుకు. వాళ్ల ఇంజినీర్ల నిర్ణయం సరైనది, నాకు అందులో సందేహం లేదు. దాన్ని పట్టుకుని గోడ పోయిందని ఊదరగొట్టేవాళ్లతోనే తగువు.

కొత్త గోడ ఎక్కడుందో చూపిస్తాను. రెండు పక్కల ఫైళ్లు ఒకదానికొకటి కనబడేలా చేసేది 9పీ అనే ప్రోటోకాల్. బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 కోసం తయారైన నెట్‌వర్క్ పద్ధతి అది. అంటే మీ ల్యాప్‌టాప్‌లో మీ సి డ్రైవ్‌ను మీ ఉబుంటు చదువుతున్నప్పుడు పక్క మెషీన్‌తో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. రెండు పక్కల మధ్య ఉన్న ఆ గీత దాటినప్పుడల్లా వేగం పడిపోతుంది. ప్రాజెక్టు ఫైళ్లను లినక్స్ పక్కనే పెట్టుకొమ్మని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్లోనే రాసి ఉంది. డెమో క్లాసుల్లో ఆ పేజీ చూపించరు. ఇంకొకటి: ఫైలు మారగానే ప్రోగ్రాంకు కబురు చెప్పే ఐనోటిఫై అనే ఏర్పాటు ఆ గీత దాటదు. సి డ్రైవ్‌లో ఉన్న కోడ్‌ను విండోస్ ఎడిటర్‌లో మార్చి సేవ్ చేస్తే, ఉబుంటులో నడుస్తున్న డెవలప్‌మెంట్ సర్వర్‌కు ఆ సంగతే తెలియదు. బ్రౌజర్లో పాత పేజీయే కనిపిస్తుంది. కుర్రాడు కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు, లేని తప్పును.

“ఎప్పుడో ఒకసారి వచ్చే చిక్కులకు ఇంత రాద్ధాంతమా? మామూలు పనులన్నీ జరుగుతున్నాయి కదా” అనేది దీనికి వచ్చే జవాబు. చిక్కులు ఎన్ని అన్నదానికన్నా అవి వచ్చే తీరు ముఖ్యం. ఇక్కడ తప్పులు అరిచి రావు. పైన సీహెచ్‌మోడ్ ఎలా మెదలకుండా ఊరుకుందో చూశారు. గిట్ కోసం విండోస్‌లో వేసుకునే బ్యాష్‌ను చూడండి. అది ఎమ్‌సిస్ 2 మీద నిలబడింది, ఎమ్‌సిస్‌కు మూలం సిగ్విన్. స్లాష్‌తో మొదలయ్యే ఏ మాట కనబడినా అది యూనిక్స్ దారి అయి ఉంటుందని, విండోస్ ప్రోగ్రాంకు అర్థం కాదని జాలిపడి, విండోస్ దారిగా మార్చి ఇస్తుంది. చాలాసార్లు అది మేలే. కానీ డాకర్‌కు కంటైనర్ లోపలి ఫోల్డర్‌గా ‘స్లాష్ యాప్’ అని రాస్తే, డాకర్‌కు అందేసరికి అది సి డ్రైవ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని గిట్ ఫోల్డర్ కింద యాప్‌గా మారిపోయి ఉంటుంది. మీరు టైప్ చేసినది తెర మీద అలాగే ఉంటుంది. వెళ్లింది వేరు. దీన్ని ఆపడానికి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఉందని తెలియాలంటే ముందు మార్పు జరుగుతోందని తెలియాలి.

లైను చివర సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం, కానీ ఇప్పటికీ రోజూ కొంపలు ముంచుతోంది. విండోస్ లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, 13, 10. యూనిక్స్ ఒక్క 10తో సరిపెట్టుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్ట్‌ను లినక్స్‌లో నడిపితే మొదటి లైనులోని బ్యాష్ పేరు పక్కన కంటికి కనిపించని ఆ 13 అంటుకుని ఉంటుంది. అలాంటి ఇంటర్‌ప్రెటర్ లేదని కెర్నల్ అంటుంది. కళ్లెదురుగా బ్యాష్ ఉంది కదరా అని మనం అంటాం. ఇద్దరిదీ నిజమే.

అన్నిటికన్నా ముచ్చటైన ఉదాహరణ లినక్స్ కెర్నల్ సోర్సే. దాన్ని మామూలు విండోస్ ఫోల్డర్లోకి గిట్‌తో దింపుకోవాలని చూడండి. నెట్‌ఫిల్టర్ భాగంలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా తప్ప ఒకే పేరున్న ఫైళ్ల జంటలున్నాయి. విండోస్‌కు ఆ రెండూ ఒకటే గనక ఒకదాని మీద ఇంకొకటి పడి, దించుకున్న మరుక్షణమే మీరు ఫైళ్లు మార్చేశారని గిట్ అంటుంది. అంతకుమించి, నూవో గ్రాఫిక్స్ డ్రైవర్లో ‘ఆక్స్ డాట్ సి’ అనే ఫైలుంది. ఆక్స్ అనేది డాస్ కాలం నుంచి ఒక పరికరానికి కేటాయించిన పేరు. ఆ పేరుతో ఫైలు పుట్టనివ్వకూడదన్న నియమాన్ని విండోస్ దశాబ్దాల పాటు మోస్తూ వచ్చింది. లినక్స్ కమాండ్లు నడిచే చోట లినక్స్ సోర్సే నిలవలేకపోతే, తేడా లేదనడం ఎలా?

మన భాషలవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇంకొకటుంది. ఇంగ్లిష్ పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు పేరు 255 యూటీఎఫ్-16 యూనిట్ల దాకా ఉండొచ్చు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ ఒక్కో యూనిట్. లినక్స్ ఎక్స్‌ట్4లోనూ హద్దు 255యే, కానీ అది బైట్ల లెక్క. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. ‘శ్రీ’ అని రాస్తే శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు. అంటే విండోస్‌లో 255 గుర్తుల దాకా పెట్టుకోగలిగిన తెలుగు పేరు లినక్స్ పక్కకు వచ్చేసరికి 85 గుర్తులకు ఆగిపోతుంది. ఒక పాత కథల సంకలనాన్ని స్కాన్ చేసి, కథ పేరు, రచయిత పేరు, పత్రిక పేరు, సంచిక, అన్నీ కలిపి ఫైలుకు పేరు పెట్టే అలవాటు మనవాళ్లలో ఎందరికో ఉంది. ఆ ఫోల్డర్‌ను సీపీ కమాండ్‌తో లినక్స్ హోమ్‌లోకి కాపీ చేస్తే కొన్ని వస్తాయి, కొన్ని పేరు మరీ పొడవంటూ ఆగిపోతాయి. వందల ఫైళ్ల వరసలో ఆ నాలుగు లైన్లు పైకి జరిగిపోతే ఎవరు చూస్తారు?

మ్యాక్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అది 2007 నుంచి సర్టిఫికెట్ పొందిన యూనిక్సే, ఒప్పుకుంటాను. కానీ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు మీద ‘హైదరాబాద్’ అని ఫైలుకు పేరు పెడితే, ‘హై’లోని ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడదీసి దాచేది. అదే పేరు లినక్స్ నుంచి వచ్చినప్పుడు ఒక్క ముక్క. చూడ్డానికి ఒకటే, బైట్లు వేరు. ఇలాంటి వాటి కోసమే గిట్‌లో మ్యాక్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ పెట్టాల్సి వచ్చింది. 2017లో ఏపీఎఫ్‌ఎస్ వచ్చాక ఆ పద్ధతి మారింది. సెడ్‌తో ఫైలును ఉన్నచోటే మార్చే ఆప్షన్ మాత్రం ఇప్పటికీ మ్యాక్‌లో ఒక తీరు, లినక్స్‌లో ఒక తీరు. మ్యాక్‌లో డాకర్ కూడా చాటుగా ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌ను నడిపే పనిచేస్తుంది.

నా వాదనకు గట్టి ఎదురు ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వైన్. 1993లో మొదలైంది, 2008లో 1.0 అయింది. లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములను నడుపుతుంది, వర్చువల్ మెషీన్ లేకుండానే. 2018లో ఆటల కంపెనీ వాల్వ్ దాని మీద ప్రోటాన్ కట్టింది. 2022లో వచ్చిన వాల్వ్ చేతి ఆటయంత్రం స్టీమ్ డెక్‌లో ఇవాళ లక్షణంగా విండోస్ ఆటలు ఆడుతున్నారు. మరి అనువాదం అక్కడ ఎలా నెగ్గింది?

ఆట తన లోకంలో తాను బతుకుతుంది గనక నెగ్గింది. దాని ఫైళ్లు దానివి, దాని కిటికీ దానిది. బొమ్మ గియ్యి, శబ్దం చెయ్యి, మీట నొక్కారేమో చెప్పు అని అడుగుతుంది తప్ప పక్క ప్రోగ్రాముతో దానికి పనిలేదు. పైగా విండోస్ మీద ఆటలు రాసేవాళ్లు పట్టుకునే ఏపీఐని మైక్రోసాఫ్ట్ దశాబ్దాలుగా చెదరకుండా కాపాడుకొస్తోంది. కమాండ్ లైన్ పరికరం బతుకే వేరు. పక్కవాడి ఫలితం అందుకోవడం, తన ఫలితం ఇంకొకడికి అందించడం, ఎవరి ఫైలైనా తెరవడం, ఎవరి అనుమతైనా చూడడం, పిల్ల ప్రాసెస్‌లను పుట్టించి చంపడం: దాని ఉద్యోగమంతా ఇరుగుపొరుగుతోనే. ఆటను తెచ్చి పరాయి ఇంట్లో కూర్చోబెట్టొచ్చు. గ్రెప్‌ను తెస్తే దానితో పాటు ఊరు ఊరంతా రావాలి. ఫ్రీబీఎస్‌డీ వాళ్లు లినక్స్ ప్రోగ్రాములను తమ కెర్నల్ మీద ఎన్నో ఏళ్లుగా నడపగలుగుతున్నారంటే, ఆ రెండు ఊళ్లూ ఒకే వంశానివి గనక.

ఈ సంగతి విండోస్ ఇంట్లోనే ఒకాయన చాలా ముందుగా పసిగట్టాడు. జెఫ్రీ స్నోవర్. యూనిక్స్ పరికరాలను విండోస్‌కు తెచ్చి చూశాడు, పనికిరాలేదు. యూనిక్స్‌లో సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైళ్లు; గ్రెప్, ఆక్, సెడ్ ఉంటే సగం రాజ్యం చేతిలో ఉన్నట్టే. విండోస్‌లో అవి రిజిస్ట్రీలోనూ ఏపీఐల వెనకా ఉంటాయి. ఆక్‌కు అక్కడ కొరకడానికి ఏమీ దొరకదు. 2002లో ఆయన రాసిన మోనాడ్ ప్రణాళిక ఈ గమనింపు మీదే నిలబడింది, అదే 2006లో పవర్‌షెల్ అయింది: పైపులోంచి టెక్స్ట్ బదులు ఆబ్జెక్టులు పంపే షెల్. అలవాటుపడ్డవాళ్ల కోసం పాత పవర్‌షెల్‌లో కర్ల్ అనే పేరును వేరే కమాండ్‌కు మారుపేరుగా తగిలించడం మాత్రం ఈ “ఒకటేగా” జబ్బు వాళ్లకూ అంటిందనడానికి గుర్తు. పేరు కర్ల్, ఆప్షన్లు వేరు. నెట్‌లో దొరికిన కర్ల్ కమాండ్‌ను తెచ్చి అక్కడ అతికించినవాళ్లందరూ ఆ దెబ్బ తిన్నవాళ్లే.

నేను ఇంత చెప్పాక లినక్స్ భక్తులు కొందరు చప్పట్లు కొడతారని తెలుసు. అందుకే చెప్పాం, విండోస్ పీకి పారేసి లినక్స్ వేసుకోండి అంటారు. మైక్రోసాఫ్ట్ లినక్స్‌ను మింగేస్తుందని భయపెడతారు. ఆ వాదన నాది కాదు. పైగా 2025 మేలో మైక్రోసాఫ్ట్ వాళ్లే డబ్ల్యుఎస్‌ఎల్ సోర్సును చాలావరకు తెరిచేశారు. పాత అనువాదపు డ్రైవర్‌ను మాత్రం ఇవ్వలేదు. అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్, ఆఫీసు వీపీఎన్, ఇంట్లో పిల్లల ఆటలు, వీటన్నిటికీ విండోస్ ఉండాల్సిన ల్యాప్‌టాప్‌లో సర్వర్ పని కూడా చేసుకోవాలంటే డబ్ల్యుఎస్‌ఎల్ 2కు మించినది నాకు కనబడలేదు.

ఈ “తేడా లేదు” మాటకు ఇంత గిరాకీ ఎందుకో కూడా చెప్పుకోవాలి. కోచింగ్ సెంటర్‌కు ఒక రోజు ఇన్‌స్టలేషన్ క్లాసు మిగులుతుంది. ఆఫీసు ఐటీ విభాగానికి అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే రకం విండోస్ పెట్టుకునే వీలు దక్కుతుంది. లినక్స్ మెషీన్ కావాలని అడిగినవాళ్లకు “డబ్ల్యుఎస్‌ఎల్ ఉందిగా” అని ఫైలు మూసెయ్యడానికి మేనేజర్‌కు మాట దొరుకుతుంది. ఇచ్చింది 8 జీబీ ల్యాప్‌టాప్. డబ్ల్యుఎస్‌ఎల్ 2 మామూలు సెట్టింగులో సగం మెమరీ దాకా తీసుకోగలదు. మిగిలిన నాలుగింటిలో విండోస్, టీమ్స్, యాంటీవైరస్, ముప్పై ట్యాబ్‌ల బ్రౌజర్ సర్దుకోవాలి. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడుస్తున్నాయని ఒప్పుకుంటే రెంటికీ సరిపడా మెమరీ కొనాల్సి వస్తుంది. ఒకటే అనుకుంటే కొననక్కర్లేదు. కాబట్టి “ఒకటేగా” అని చెప్పిన మేనేజర్‌ను ఈసారి తిరిగి అడగండి: 16 జీబీ ఇస్తారా, లేక సర్వర్‌లో ఒక లాగిన్ ఇప్పిస్తారా అని.